మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నా మీ పని మీరు చేసుకోవచ్చు

"పొద్దున్న బాగానే ఉన్నావు గదా, ఇంతలో ఏటయింది?"

మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవారు ఈ ప్రశ్నను ఇంట్లో ఎన్నిసార్లు వింటారో లెక్క ఉండదు. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. ఈ జబ్బులో మాత్రం మనిషి చూడటానికి బాగానే ఉంటారు. ఉదయం అందరితో నవ్వుతూ మాట్లాడినవారు మధ్యాహ్నానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేక కూలబడిపోతారు. చూసేవారు బద్ధకం అంటారు, కొందరు నటన అని కూడా అంటారు. వినగా వినగా రోగికి కూడా తన మీద తనకే అనుమానం వస్తుంది.

మీకు గాని, మీ ఇంట్లో ఎవరికైనా గాని ఈ జబ్బు ఉంటే ఈ పేజీలు నిదానంగా చదవండి. జబ్బును అదుపులో ఉంచడానికి మందులున్నాయి. జబ్బుతోపాటు రోజులు చక్కగా గడపడానికి మరొక సహాయం ఉంది. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. దాని గురించి మనలో చాలామందికి తెలియదు.

అసలు ఈ జబ్బు ఏమిటి?

మన మెదడు, వెన్నుపాము నాడుల ద్వారా శరీరానికి ఆజ్ఞలు పంపుతాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నాడీ తంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సూక్ష్మక్రిముల నుంచి మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి పొరపాటున ఈ మైలిన్ పైనే దాడి చేస్తే అక్కడక్కడ పొర దెబ్బతిని మచ్చలు పడతాయి. ఆజ్ఞలు నెమ్మదిగా వెళతాయి, లేదా మధ్యలోనే ఆగిపోతాయి. 'మల్టిపుల్' అంటే అనేకం, 'స్క్లిరోసిస్' అంటే గట్టిపడటం. ఆ మచ్చల వల్లనే ఈ పేరు వచ్చింది. 1868లో ఫ్రాన్స్ దేశపు వైద్యుడు షార్కో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించారు.

ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఉన్నట్టు 2020 నాటి అంతర్జాతీయ అంచనా. చలి దేశాలతో పోలిస్తే మన దేశంలో తక్కువే. మంగుళూరులో జరిపి 2014లో ప్రచురించిన సర్వేలో లక్షకు 8 మంది వరకు కనిపించారు. అరుదైనది కాబట్టే గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది.

కారణం ఒక్కటే కాదు. ఎప్‌స్టైన్ బార్ అనే సాధారణ వైరస్ సోకడానికీ, ఈ జబ్బుకూ గట్టి సంబంధం ఉన్నదని 2022లో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. పొగతాగడం, విటమిన్ డి లోపం కూడా ముప్పు పెంచుతాయి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు. ఎవరి తప్పువల్లా వచ్చింది కాదు.

లక్షణాలు ఎలా ఉంటాయి?

ఏ చోట మచ్చ పడితే దానిని బట్టి లక్షణం ఉంటుంది. అందుకే ఇద్దరు రోగులు ఒకేలా ఉండరు.

- ఒక కంటిలో నొప్పి, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం
- కాళ్ళు చేతుల్లో తిమ్మిరి, మొద్దుబారడం, బలహీనత
- నడకలో తూలడం, చేతి వణుకు
- మెడ వంచితే వెన్నులో కరెంటు పారినట్టు అనిపించడం
- మూత్రం ఆపుకోలేకపోవడం, లేదా వెంటనే రాకపోవడం
- మతిమరుపు, మనసు నిలపలేకపోవడం, దిగులు
- విపరీతమైన అలసట

చాలామందిలో ఈ లక్షణాలు కొన్నాళ్ళు వచ్చి తగ్గుతాయి, మళ్ళీ తిరగబెడతాయి. కొందరిలో మెల్లగా పెరుగుతూ పోతాయి. కొత్త లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే న్యూరాలజీ డాక్టరుకు చూపించండి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. చూపు మసకబారితే కళ్ళద్దాలు మార్చుకుని ఊరుకోకండి.

ఎమ్మారై స్కానింగు, అవసరమైతే వెన్ను నీటి పరీక్ష, రక్త పరీక్షలతో వ్యాధిని నిర్ధారిస్తారు. ఇలాంటి లక్షణాలతోనే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరొక జబ్బు కూడా ఉంది. దానిని గుర్తించే రక్త పరీక్షకు 2004లో దారి దొరికింది. రెండింటికీ మందులు వేరు. ఒకదానికి పనిచేసే మందు రెండవదానికి కీడు చేయవచ్చు. కాబట్టి పక్కవారి చీటీ చూసి మందు వాడకండి.

జబ్బు తిరగబెట్టినప్పుడు స్టిరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు. మాటిమాటికీ తిరగబెట్టకుండా తగ్గించే మందులు 1993 నుంచి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. బాగున్నాను కదా అని మందులు మానేయరాదు.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే?

ఆక్యుపేషన్ అనగానే ఉద్యోగం అనుకుంటాం. ఇక్కడ దాని అర్థం అంతకంటే పెద్దది. పళ్ళు తోముకోవడం, చీర కట్టుకోవడం, వంట, పిల్లలకు జడ వేయడం, బస్సెక్కడం, డ్యూటీ చేయడం, పండుగనాడు నలుగురిలో కూర్చోవడం, ఇలా మీ రోజును నింపే ప్రతి పనీ ఆక్యుపేషనే.

ఫిజియోథెరపిస్టు మీ కాలికి బలం, పట్టు పెరిగే వ్యాయామం నేర్పుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ కాలితో మీరు స్నానాల గదికి ఎలా వెళుతున్నారు, తడి నేల మీద ఎలా నిలబడుతున్నారు అని చూస్తారు. ఇద్దరూ అవసరమే. మన దేశంలో ఈ చికిత్సకు పునాది వేసినవారు శ్రీమతి కమలా నింబ్కర్. ఆమె 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీని శిక్షణను ప్రారంభించారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు స్థాపక దేశాలలో భారతదేశం ఒకటి.

థెరపిస్టు మిమ్మల్ని మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ నొప్పి?" అని కాదు. "ఏ పని చేసుకోలేక మీకు ఎక్కువ బాధగా ఉంది?" అని. జవాబు మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ చికిత్స అక్కడి నుంచే మొదలవుతుంది.

ఓపికను పొదుపు చేయండి

ఈ జబ్బులో అందరినీ ఎక్కువగా బాధపెట్టేది అలసట. ఇది పని చేసి అలిసిన అలసట కాదు. రాత్రి బాగా నిద్రపోయినా ఉదయానికే ఒళ్ళు బరువుగా ఉండవచ్చు. మన ఇళ్ళలో కుళాయి నీళ్ళు పొద్దున్న కాసేపే వస్తాయి. పట్టుకున్న నీళ్ళనే రాత్రి దాకా చూసి వాడతాం. ఈ జబ్బులో ఓపిక కూడా అలాంటిదే. పొద్దున్నే బిందె ఒంపేస్తే మధ్యాహ్నానికి చుక్క మిగలదు.

కూర్మన్నపాలెంలో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకోండి. భర్త స్టీల్‌ప్లాంటు ఉద్యోగి. ఏ షిఫ్టుకు ఉదయం ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆమె నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, టిఫిను, క్యారేజీ కట్టి, పిల్లలను తయారుచేసి, బట్టలు ఉతికి మేడ మీద ఆరవేస్తారు. పది గంటలకు కాళ్ళు వణుకుతాయి. మిగిలిన రోజంతా మంచం మీదే. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. ఆమె దుఃఖం పని గురించి కాదు, పిల్లలతో గడపలేకపోతున్నానని.

థెరపిస్టు ఆమెతో చేయించే పనులు ఇవి. మీరు కూడా చేయవచ్చు.

1. వారం రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. గంటగంటకూ ఏ పని చేశారు, అప్పుడు ఓపిక పదికి ఎంత ఉంది. వారం తిరిగేసరికి ఓపికను తాగేసే పనులు ఏవో మీకే కనిపిస్తాయి.

2. పనులను మూడు వరుసలుగా విడదీయండి. నేనే చేయవలసినవి, ఇంకొకరు చేయగలిగినవి, చేయకపోయినా ఫరవాలేనివి.

3. అలిసిపోయాక కాదు, అలిసిపోక ముందే విశ్రాంతి తీసుకోండి. గంట పనికి పది నిమిషాలు కూర్చోండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇరవై నిమిషాలు నడుము వాల్చండి.

4. కూర్చుని చేయగల పనిని నిలబడి చేయకండి. ఎత్తేదానిని జరపండి. బకెట్టు నిండా కాక సగమే నింపండి.

ఇప్పుడు ఆమె రోజు ఇలా మారుతుంది. కూరలు ముందు రాత్రే, కత్తిపీట ముందు కాక బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని తరుగుతారు. గంజి వార్చడం మాని అన్నం కుక్కరులో పెడతారు. బట్టలు ఆరవేయడం భర్త పని, మంచినీళ్ళ సీసాలు నింపడం పెద్ద పిల్లవాడి పని. ముగ్గు మాత్రం ఆమె వదలనంటారు. థెరపిస్టు కూడా వదలమనరు. చిన్న పీట మీద కూర్చుని నాలుగు చుక్కల ముగ్గు వేయమంటారు. పొదుపు చేసిన ఓపిక సాయంత్రం పిల్లల కోసం మిగులుతుంది. పొదుపు చేసేది ఇందుకే. అన్నీ మానుకోవడానికి కాదు, మీకు ఇష్టమైనది మిగుల్చుకోవడానికి.

ఇటువంటి ఆరు వారాల శిక్షణ పొందినవారిలో అలసట ప్రభావం తగ్గినట్టు అమెరికాలో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. అయితే రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు కూడా అలసట పెంచుతాయి. వాటిని ముందు డాక్టరుచేత పరీక్ష చేయించుకోండి.

విశాఖ ఉక్కపోతతో జాగ్రత్త

శరీరం వేడెక్కితే ఈ జబ్బు లక్షణాలు పెరుగుతాయి. ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లో ఈ సంగతి గమనించారు. స్కానింగులు లేని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి జబ్బును గుర్తించేవారు. పొర పోయిన నాడికి అర డిగ్రీ వేడి పెరిగినా ఆజ్ఞను మోయడం కష్టమవుతుంది.

విశాఖలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ ఇబ్బంది. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. చూపు మసకబారినా, కాళ్ళు తేలిపోయినా భయపడకండి. వేడి వల్ల వచ్చినది చల్లబడగానే తగ్గుతుంది. దానివల్ల నాడులు కొత్తగా దెబ్బతినవు.

- బజారు పని, నడక తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని పెట్టుకోండి.
- తడి తుండుగుడ్డ మెడ మీద వేసుకోండి. గొడుగు, చల్లని నీళ్ళ సీసా వెంట ఉంచుకోండి.
- స్నానానికి మరిగే నీళ్ళు వద్దు. గోరువెచ్చని లేదా చన్నీళ్ళు చాలు.
- పొయ్యి దగ్గర కిటికీ తెరిచి ఉంచండి. వంట చల్లని పూట ముగించండి.
- జ్వరం వస్తే వెంటనే తగ్గించుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా లక్షణాలు పెరుగుతాయి.

ఇంట్లో చిన్న మార్పులు

ఖరీదైన పరికరాలు కొనే ముందు ఇల్లంతా ఒకసారి చూడండి.

స్నానాల గది: ఎక్కువమంది పడేది ఇక్కడే. కాళ్ళు జారని ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని స్నానం చేయండి. గోడకు గట్టి స్టీలు పట్టీ బిగించండి. తువ్వాలు వేసే కడ్డీని పట్టుకోకండి, అది ఊడిపోతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి కష్టమైతే కమోడ్ కుర్చీ అమర్చుకోండి. చేతులు మొద్దుబారి ఉంటే నీటి వేడిని మోచేతితో చూడండి, లేకపోతే కాలినా తెలియదు.

బట్టలు: కూర్చుని, ముందు బలహీనమైన చేతికి తొడుక్కోండి, విప్పేటప్పుడు దానిని చివర విప్పండి. హుక్కులు, బొత్తాలు కష్టమైతే వెల్‌క్రో కుట్టించుకోండి. చీర కుచ్చిళ్ళు ముందే కుట్టించి పెట్టుకోవచ్చు. వెనుక పట్టీ లేని హవాయి చెప్పులు జారిపోతాయి. పట్టీ ఉన్నవి వాడండి.

చేతులు: చెంచా, పెన్ను పట్టు జారుతుంటే పాత గుడ్డ గాని, స్పాంజి గొట్టం గాని చుట్టి లావు చేయండి. చేయి వణుకుతుంటే మోచేతిని బల్లకు ఆనించి తినండి. కంచం కింద తడి గుడ్డ వేస్తే కదలదు.

కళ్ళు: మెట్ల అంచులకు పసుపు టేపు అతికించండి. ఒకటి రెండుగా కనిపిస్తుంటే డాక్టరు సలహాతో ఒక కన్ను మూసే పట్టీ వాడవచ్చు. ఆ స్థితిలో బండి నడపరాదు.

జ్ఞాపకం: మందులు, బిల్లులు, ఫోను నంబర్లు ఒకే పుస్తకంలో రాయండి. సెల్‌ఫోనులో అలారం పెట్టుకోండి. తాళాలకు ఒకే మేకు, ఒకే చోటు. రెండు పనులు ఒకేసారి పెట్టుకోకండి.

మూత్రం: బయటికి వెళ్ళాలని నీళ్ళు తాగడం మానకండి. దానివల్ల ఇన్ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి. రెండు మూడు గంటలకొకసారి, అవసరం లేకపోయినా వెళ్ళి రండి. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, దీనికి మందులున్నాయి.

ఉద్యోగం వదిలేయాలా?

తొందరపడి రాజీనామా రాయకండి. ముందు పనిలో ఏది కష్టమో విడదీసి చూడండి. మన స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లున్నాయి గాని, వాటి దగ్గర నిలబడితే వేడి వేడే. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే వ్యక్తికి ఈ జబ్బు వస్తే అతనికి పని చేతకాకపోలేదు, ఆ చోటు సరిపడలేదు. అదే మనిషి చల్లని కంట్రోల్ రూములోనో, స్టోర్సులోనో తన అనుభవంతో చక్కగా పనిచేయవచ్చు. పోర్టులో ఎత్తైన క్రేను ఎక్కేవారికి తల తిరుగుడు, రెండు బొమ్మల చూపు ప్రాణాపాయం. దాచకుండా చెప్పాలి. రాత్రి షిఫ్టు బదులు జనరల్ షిఫ్టు, మధ్యలో కాసేపు విశ్రాంతి, మరుగుదొడ్డికి దగ్గర సీటు, ఇలాంటి చిన్న మార్పులే చాలామందిని ఉద్యోగంలో నిలబెడతాయి. ఏ పని చేయగలరో, ఏది చేయరాదో థెరపిస్టు చేత, డాక్టరు చేత రాయించుకోండి.

చట్టం కూడా మీ పక్షాన ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు ఉంది. ఈ చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థలలో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరొక పనికి మార్చాలి. కాంట్రాక్టు, ప్రైవేటు కార్మికులకు ఇంత గట్టి రక్షణ లేదు. అయితే ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతుంది. దానిని అడిగి చూడండి.

ప్రయోజనాలు చాలావరకు 40 శాతం లేదా ఆపై వైకల్యం ఉన్నవారికి వర్తిస్తాయి. సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తీసుకోండి. మీ లక్షణాలు వచ్చిపోయేవి కాబట్టి పరీక్షనాడు బాగున్నట్టు కనిపించవచ్చు. పాత రిపోర్టులు, స్కానింగులు, మీ ఓపిక పుస్తకం వెంట తీసుకువెళ్ళండి.

ఇంట్లో వారికి ఒక మాట

- చేయగలిగిన పనిని వారి చేతిలోంచి లాక్కోకండి. ఆలస్యమైనా చేయనివ్వండి.
- చేయలేని రోజున నిన్న చేశావు కదా అనకండి.
- పెళ్ళి, పిల్లల విషయంలో ఎవరో చెప్పినది నమ్మకండి. ఈ జబ్బు ఉన్న స్త్రీలు తల్లులు కావచ్చు. కొన్ని మందులు ముందే ఆపవలసి ఉంటుంది కాబట్టి గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. కాన్పు తర్వాత మొదటి మూడు నెలలు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, అప్పుడు తల్లికి తోడు ఉండాలి.
- దిగులు ఈ జబ్బులో భాగం కావచ్చు. తిండి, నిద్ర, మాట తగ్గితే డాక్టరుకు చెప్పండి.
- చూసుకునేవారు కూడా అలిసిపోతారు. వారానికి ఒక పూట మీ కోసం ఉంచుకోండి.

ఇదే బాధ ఉన్న మరొకరితో మాట్లాడితే మనసు తేలికపడుతుంది. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇందుకు సహాయపడుతుంది.

ఈ రోజు ఒక చిన్న పని చేయండి. మీరు రోగి అయితే మీరు వదులుకోలేని పని ఒక్కటి కాగితం మీద రాసి, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు తీసుకురండి. మీరు ఇంటివారైతే "ఇంతలో ఏమైంది?" అని అడగడం మానండి. దానికి బదులు "ఇప్పుడు ఓపిక పదికి ఎంత ఉంది?" అని అడగండి. వారు రెండు అంటే ఆ పూట వంట మీరు అందుకోండి. ఎనిమిది అంటే ఇద్దరూ కలిసి బీచికి వెళ్ళి చల్లగాలిలో కాసేపు కూర్చుని రండి.